ఐదో రాయి

నరసన్నపేట దాటాక రోడ్డు కనపడ్డం మానేసింది.
మార్గశిరం. తెల్లారగట్ట నాలుగు.
పెద్ద లైటు వేశాను,
సున్నం కొట్టిన గోడ ఒకటి లేచి అద్దానికి ఆనుకుంది.
దించాను. గోడ కాస్త వెనక్కి జరిగింది.

టెక్కలిలో పెళ్లి వాయించి వస్తున్న మేళం వెనక సీట్లో.
సన్నాయి గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్మయ్య నిద్ర.
శ్రుతిపెట్టె మీద తల వాల్చి కుర్రాడు నిద్ర.
డోలు గవరయ్య ఒక్కడే మెలకువ.

వైపరు ఆడుతూనే ఉంది, దాని పని కాదది.
మా నలుగురి ఊపిరీ లోపల్నుంచి పట్టింది అద్దానికి.
గాలి అద్దం వైపు తిప్పి
నా పక్క కిటికీ పూర్తిగా దించాను.
"సలి బావూ" అన్నాడు గవరయ్య.
చలే. కానీ కళ్లు సెలవు పెట్టిన రాత్రి
చెవులు డ్యూటీ ఎక్కాలి.

నలభై. ముప్పై.
ఎడమ అంచు తెల్లగీతే చేతికందిన తాడు.
ముందు ఎక్కడో లారీ ఎర్రదీపం,
దాని వెనకే పోదామని ఆశ పుడుతుంది.
పుట్టనివ్వకూడదు.
ఆగి ఉన్న లారీకీ అదే దీపం.

మడపాం వంతెన ఇంకా రాలేదు,
వంశధార తడి ఇసుక వాసన ముందొచ్చింది.
అప్పుడు పేలింది వెనక ఎడమ టైరు.
బ్రేకు తొక్కలేదు.
స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని
బండి దానంతట అది అలసిపోయేదాకా ఓర్చుకుని
మట్టి అంచుకి దించాను.

డిక్కీలో ఎర్ర త్రికోణం లేదు.
బడి నాటకంలో మా అమ్మాయి దాన్ని కిరీటం చేసుకుంది.
ఐదు రాళ్లు ఏరాను, తుమ్మకొమ్మ ఒకటి విరిచాను.
నూట యాభై అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచి
అక్కణ్ణించి బండి దాకా ఒక్కోటీ పెట్టుకొచ్చాను.
నిద్రపోతున్నవాళ్లని లేపి గట్టు కిందకి తోలాను.
తిట్టుకున్నారు. తిట్టుకోనీ.
నాలుగు దీపాలూ టిక్కు టిక్కుమంటున్నాయి,
పది బారలకే మంచు వాటిని మింగేస్తోంది.

"కనపడదు గదేటి" అన్నాడు గవరయ్య.
"ఇనపడతాది."
డోలు మెడకేసుకుని
చివరి రాయికి అవతల, రోడ్డుకి ఎడంగా గట్టు మీద నిలబడి
గట్టిమేళం ఎత్తుకున్నాడు.
తాళి కట్టేవేళ చెడ్డ మాట చెవిన పడకుండా వాయించేది,
అదే.

చక్రం నేల మీదుండగానే నట్లు వదులు చేశాను.
జాకీ కింద మట్టి మెత్తన, చెక్కముక్క వేశాను.
వేళ్లు నావి కావు, ఎవరివో తెచ్చుకున్నట్టున్నాయి.
దూరంగా ఒక లారీ మూలిగింది,
గేరు మార్చింది, తగ్గింది,
మంచులోంచి మెల్లగా పక్కకి తప్పుకుంది.
క్లీనరు తల బయటపెట్టి
"ఎవల పెళ్లిరా ఇక్కడ?" అని అడిగి పోయాడు.
జవాబు చెప్పడానికి ఎవరికీ ఊపిరి లేదు.

చక్రం ఎక్కింది. కూర్మయ్య తలుపు తీశాడు.
ఆగమన్నాను.

మా చిన్నాన్న తవిటయ్య, రణస్థలం దగ్గర, స్కూటరు మీద.
ఎవడో టైరు మార్చుకుని
దులుపుకుని వెళ్లిపోయిన చోట మిగిలిన రాయి.
ఆ రాయి పెట్టినవాడు మంచివాడే అయ్యుంటాడు.
జాగ్రత్తపరుడు కూడా.
వాడికి ఇప్పటికీ తెలియదు.

కొమ్మ తీశాను. నాలుగు రాళ్లు దొరికాయి.
ఐదోది లేదు.
ఫోను లైటు వేస్తే చిన్న తెల్లగోడ.
"ఒకటే గదా, ఒగ్గీ బావూ" అని కూర్మయ్య,
"తెల్లారిపోతంది" అని కుర్రాడు.
గవరయ్య ఏమీ అనలేదు. వాయిస్తున్నాడు.
చెప్పులు విప్పేసి
గీత అంచున పాదాలతో తడుముకుంటూ నడిచాను,
తారు ఎంత చల్లగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

బొటనవేలు చీరుకుపోయింది.
"దొరికింది" అని అరిచాను.

అప్పుడు గానీ డోలు ఆగలేదు.